ఓస్... ఇంతేనా!

మొన్నామధ్య నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేసి గంటసేపు వాపోయాడు. వాడిది మెకానికల్, ట్యాంక్ కంటైనర్లు డిజైన్ చేస్తాడు. హైవే మీద చూసే ఉంటారు... ఉక్కు ఫ్రేములో పడుకోబెట్టిన పెద్ద పీపా. ట్యాంకు ఖాళీ చేశాక అడుగున కొంత సరుకు మిగిలిపోతుంది కదా, అది కూడా బయటికొచ్చేలా అడుగుభాగం వాలు మార్చాడట. పేటెంటుకి పెడదామంటే పైవాళ్ళు "ఓస్, ఇంతేనా! వాలుంటే జారుతుందని ఎవరికి తెలీదు?" అని కొట్టిపారేశారు.

కొత్తదైతే చాలదు, ఆ రంగం తెలిసిన మామూలు పనివాడికి ఇట్టే తట్టేది కాకూడదు. పేటెంటు రూలు అది. కానీ ఇట్టే తడుతుందో లేదో తేల్చేదెలా? రెండు పాత కేసులు గుర్తొచ్చాయి.

మొదటిది మనదే, మీర్జాపూర్‌ది. అక్కడ ఇత్తడి గిన్నెల్ని లేత్ మీద తిప్పి నునుపు చేసేవాళ్ళు. గిన్నెని ఒకవైపే అంటించో, చక్‌లో బిగించో తిప్పడం వల్ల అది ఎగిరొచ్చి పనివాడికి తగిలే ప్రమాదముండేది. రెండోవైపు నుంచి కూడా నొక్కి పట్టే ఏర్పాటుకి ఒక కంపెనీ 1951 నాటి తేదీతో పేటెంటు తీసుకుంది. కేసు అలహాబాద్ హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకెక్కింది. 1978లో తీర్పు: అలా నొక్కి పట్టడం లేత్ పనిలో ముందే ఉన్నదే, ఇది వర్క్‌షాపులో చేసుకునే సర్దుబాటు మాత్రమే. పేటెంటు చెల్లదు. (అప్పటి చట్టం ప్రకారం పేటెంటు ఆయుష్షు 16 ఏళ్ళు, లెక్క మీరే వేసుకోండి!)

రెండోది 1999లో ఇంగ్లాండులో. మాండీ హేబర్‌మన్ అనే ఆవిడ పిల్లల కప్పు మూతలో చీలికున్న వాల్వ్ పెట్టింది. పీలిస్తేనే తాగేది వస్తుంది, కప్పు బోర్లాపడినా ఒలకదు. అలాంటి వాల్వులు అప్పటికే వేరే చోట్ల ఉన్నాయి. ఇంకేం, "ఓస్, ఇంతేనా" అంది పోటీ కంపెనీ. జడ్జి లాడీ ఒప్పుకోలేదు. ఆయన వాదన చూడండి: అడుగు చిన్నదే, కానీ పదేళ్ళకు పైగా ఎవరైనా వేయగలిగిన అడుగు. కప్పులు ఒలకడం అందరికీ తెలిసిన తలనొప్పే. మరి ఎవరూ ఎందుకు వేయలేదు?

నాకర్థమైంది ఇదీ. జవాబు చూశాక ప్రతి లెక్కా సులువే. వేరేవాడు బగ్ పట్టేశాక "అదే అనుకున్నా" అనే బాపతు మనమంతా! కాబట్టి అడగాల్సింది "చేయగలిగేవాళ్ళా?" అని కాదు, "ఆ రోజుకి ఉన్న జ్ఞానంతో చేసి ఉండేవాళ్ళా?" అని.

మావాడికీ అదే చెప్పాను. నీ తెలివి గురించి వాదించకు, పాత డ్రాయింగులు వెతుకు. అలాంటి వాలు ఎవరైనా ముందే పెట్టుంటే మీర్జాపూర్ గతే, వదిలెయ్. ఏళ్ళ తరబడి అందరూ మిగిలిన సరుకు కడిగి పారబోస్తూ కూడా ఎవరికీ తట్టలేదని చూపించగలిగితే మాత్రం గట్టిగా నిలబడు.

ప్రస్తుతం వెతుకుతున్నాడు. మరి మీరేమంటారు?