అమ్మీ దిల్, ఐదు సిరలు

ఏడాదిగా అమ్మీ దిల్ ధడ్కన్ తాళం తప్పుతోంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. మందులకు లొంగడం లేదు కాబట్టి గజ్జలోని సిర గుండా గుండెకు కాథెటర్ పంపి ఇలాజ్ చేస్తామన్నారు. దానికి ముందు ఊపిరితిత్తుల సిరలకు సీటీ స్కాన్ రాశారు.

"బీమారీ గుండెకైతే నరాల ఫోటో ఎందుకు బేటా? బిల్లు పెంచడానికేనా?" అంది అమ్మీ. జవాబు కోసం తారీఖ్ తిరగేశాను.

ఉర్దూ మీడియం బడిలో షిర్యాన్ అంటే ధమని, వరీద్ అంటే సిర అని చదివాం. వరీద్ చెడు ఖూన్ మోస్తుందని కంఠతా పట్టాం. ఈ సిరలు మాత్రం వేరు. ఊపిరితిత్తుల నుంచి గుండె ఎడమ పైగదికి సాఫ్ ఖూన్ తెస్తాయి. మామూలుగా నాలుగుంటాయి.

గుండె మధ్యగోడలో కనపడని రంధ్రాలున్నాయని, వాటి గుండా రక్తం కుడి నుంచి ఎడమకు వస్తుందని యూనానీ హకీమ్ జాలీనూస్ చెప్పాడు. వెయ్యేళ్లు అదే చెల్లింది. 13వ సదీలో దమిష్క్‌లో పుట్టి ఖాహిరాలో స్థిరపడిన ఇబ్నె నఫీస్ కాదన్నాడు. గోడకు రంధ్రాల్లేవు, రక్తం ఊపిరితిత్తులకు వెళ్లి గాలితో కలిసి ఈ సిరల దారినే తిరిగొస్తుందని రాశాడు. ఆ మాట మరుగున పడింది. 1924లో ఈజిప్టు డాక్టర్ ముహ్యుద్దీన్ తతావీ బెర్లిన్‌లో ఆ రాతప్రతిని గుర్తించాక మళ్లీ దునియాకెక్కింది.

1929లో జర్మనీ కుర్ర డాక్టర్ ఫోర్స్‌మన్ తన చేతి సిరలోంచి గుండె దాకా తానే గొట్టం దూర్చుకుని ఎక్స్‌రే తీయించుకున్నాడు. అందరూ ఖంగుతిన్నారు. 1956లో నోబెల్ వచ్చింది.

అసలు మలుపు 1998. ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసగేర్ బృందం 45 మంది మరీజుల్లో ఈ గడబిడ ఎక్కడ మొదలవుతోందో వెతికింది. దొరికిన 69 చోట్లలో 65 ఈ సిరల్లోనే ఉన్నాయి! నిప్పురవ్వ సిరలో పుడుతోంది, మంట గుండెలో కనపడుతోంది.

మొదట్లో సిర లోపలే కాల్చేవారు. కొందరికి ఆ మచ్చతో సిర ఇరుకై ఆయాసం, దగ్గులో రక్తం. ఆ నుఖ్సాన్ నుంచి నేర్చుకుని సిర లోపల వదిలేసి, దాని ముఖద్వారం చుట్టూ కంచెలా కాల్చడం మొదలుపెట్టారు. అయితే ఆ ద్వారం ఎక్కడుంది? కొందరికి ఎడమవైపు రెండూ కలిసి ఒకే ద్వారంగా తెరుచుకుంటాయి. కొందరికి కుడివైపు ఒకటి అదనం. అందుకే ముందుగా నక్షా. చేతి నరంలో రంగుమందు ఎక్కించి, కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టమంటారు, అంతే. కిడ్నీల తక్లీఫ్ ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

ఇదంతా చెబితే అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. రిపోర్టు రాగానే అడిగింది: "నాకెన్ని?"

"ఐదు. కుడివైపు ఒకటి ఎక్కువ."

"చూడకుండా చేసుంటే?"

నా దగ్గర జవాబు లేదు. జుమేరాత్ నాడు ప్రొసీజర్. దువా చేయండి.