సోమవారం సాయంత్రం అయిదింటికి

గురువారం రాత్రి. పదకొండు దాటింది. బయట సన్నటి వాన, కిటికీ అద్దం మీద చారలు చారలుగా జారుతోంది. బల్ల మీద మోడెమ్ క్లిక్‌మంది. కీచుమంది. కాసేపు గరగరలాడి టక్కున గొంతు మూసేసింది. ఎర్రలైట్లు వరసగా వెలిగాయి. ఎవరో లోపలికొచ్చారు.

1994, ఇంగ్లండ్. ఇంటి వెనక గదిలో ఒక పీసీ, ఒక మోడెమ్, ఒక ఫోన్ లైను. బులెటిన్ బోర్డు అంటే చాలామందికి అంతే. సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఛార్జీ తగ్గుతుంది. అప్పట్నుంచి ఒకరి తర్వాత ఒకరు డయల్ చేస్తూనే ఉంటారు. దాన్ని నడిపే మనిషిని సిస్‌ఆప్ అంటారు. పగలు ఉద్యోగం, రాత్రి ఇదీ. జీతం లేదు, కరెంటు బిల్లు సొంతం. అలాంటి ఎన్నో గదుల్లో నడిచే పనిని ఒక్క గదిలో కూర్చి చెబుతున్న కథ ఇది, అందుకే ఇతనికి పేరు లేదు. ఇందులో వచ్చే వైరస్ మాత్రం నిజం. దాన్ని రాసినవాడూ నిజమే, కోర్టూ నిజమే.

స్క్రీన్ మీద అంకెలు పరుగెడుతున్నాయి. ఓ ఆట, జిప్ ఫైలు. మూడొందల కిలోబైట్లు, 14,400 వేగంలో దాదాపు మూడున్నర నిమిషాలు. ఫైలు ఇచ్చినవాళ్లకే ఫైళ్లు తీసుకునే వాటా పెరుగుతుంది, అందుకే అందరూ ఏదో ఒకటి పంపుతారు. సిస్‌ఆప్ టీ కప్పు పక్కన పెట్టి ముందుకు వంగాడు. చివరి బైటు వచ్చింది. ఇక మనిషితో పని లేదు.

అంతా దానంతటదే జరగాలి. పీసీబోర్డ్ అనే సాఫ్ట్‌వేర్ అతను రాసిపెట్టుకున్న ఆదేశాల చిట్టాని, బ్యాచ్ ఫైలుని పిలిచింది. హార్డ్ డిస్క్ కిరకిరలాడింది. వచ్చిన జిప్‌ని పక్కనున్న ఖాళీ డైరెక్టరీలో విప్పి, దార్లో ఏ బైటూ చెడలేదని సరిచూసి, లోపల ఇంకో జిప్ దాక్కుని ఉంటే దాన్నీ విప్పి, ప్రతి ప్రోగ్రామునీ వైరస్‌లు పట్టే స్కానర్ ముందుకి తోసి, స్కానర్ వెళ్తూ వెళ్తూ వదిలిపోయే అంకె కోసం ఆ చిన్న బ్యాచ్ ఫైలు ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. సున్నా అయితే శుభ్రం. అంతకు మించితే ఫైలు అక్కడే ఆగిపోవాలి. అటువైపు ఫోన్ పట్టుకున్నవాడూ ఎదురుచూస్తున్నాడు.

ఈ కాపలా ఊరికే పుట్టలేదు. 1980లలో సిస్‌ఆప్‌లు ఒక్కో ఫైలునీ చేత్తో విప్పి చూసుకునేవారు. 1985లోనే ఈజీఏబీటీఆర్ అని ఒక ప్రోగ్రాము బోర్డుల మీద తిరిగింది. స్క్రీన్ బొమ్మలు మెరుగు చేస్తానంటూ వచ్చి డిస్కు తుడిచేసి, కుక్కలా మొరిగి, నిన్ను పట్టేశానని రాసి పోయేది. 1988లో న్యూయార్క్‌లో రాస్ గ్రీన్‌బర్గ్ ఫ్లూషాట్ అనే రక్షణ ప్రోగ్రామ్ ఉచితంగా పంచుతుంటే, అదే పేరుతో నాలుగో వెర్షనంటూ ఎవరో ఒక విధ్వంసపు ప్రోగ్రామ్ బోర్డులెక్కించారు. తన సొంత ప్రోగ్రామ్ పేరు తనే మార్చుకోవాల్సి వచ్చింది ఆయనకి. మందు సీసాలోనే విషం పోశారు. ఆ తర్వాత ఏ బోర్డైనా కాపలా లేకుండా ఎలా పడుకుంటుంది?

డిస్కు చప్పుడు ఆగింది. అంకె వచ్చింది.

సున్నా.

పాస్. ఫైలు కొత్తవాటి జాబితాలోకి ఎక్కింది. తెల్లారేలోపు ముగ్గురు దించుకున్నారు.

స్కానర్ అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసింది చెప్పింది. పోలీస్ స్టేషన్ గోడ మీద అతికించిన పాత దొంగల ఫొటోల్లాంటివి దాని దగ్గరుండే ఆనవాళ్లు. ఫొటో లేని దొంగ ఎదురుగా నడిచివెళ్తే దణ్ణం పెట్టి పంపిస్తుంది. ఆ రాత్రి లోపలికొచ్చినవాడికి ఫొటో లేదు. అంతకన్నా ఘోరం, వాడికి ఒక్కటంటూ మొహమే లేదు.

ఆ వైరస్ పుట్టిల్లు ప్లిమత్. ఇంగ్లండ్ నైరుతి మూల, సముద్రపు ఊరు. అక్కడ క్రిస్టఫర్ పైల్ అనే కుర్రాడు. ఉద్యోగం లేదు. ప్రోగ్రామింగ్ తనంతట తనే నేర్చుకున్నాడు. తనకి తాను పెట్టుకున్న పేరు బ్లాక్ బారన్. అతను రాసిన వైరస్‌లు రెండు, పాథోజెన్, క్వీగ్. ఆ రెంటికన్నా ప్రమాదమైంది వాటి లోపల ఉంది. దాని పేరు స్మెగ్.

మామూలుగా దాక్కునే వైరస్ ఒళ్లంతా గుప్తలిపిలో చుట్టుకుంటుంది. ఆ చుట్ట విప్పే చిన్న ముక్క మాత్రం బయటికి కనబడక తప్పదు. స్కానర్ పట్టుకునేది అక్కడే. స్మెగ్ ఆ ముక్కనే ప్రతి కాపీకీ కొత్తగా అల్లుతుంది. పనికిరాని ఆదేశాలు దట్టంగా కలిపి, పొడుగు మార్చి, వరస మార్చి. పది ఫైళ్లకి అంటుకుంటే పది రకాలుగా ఉంటుంది. ఇలాంటి విద్యకి అప్పటిదాకా పేరు మోసింది బల్గేరియా. సోఫియాలో డార్క్ అవెంజర్ అనే అజ్ఞాతవ్యక్తి 1990ల మొదట్లోనే ఇలాంటి యంత్రం ఒకటి తయారుచేసి ప్రపంచం మీదికి వదిలాడు. ప్లిమత్ కుర్రాడి కన్ను ఆ పేరు మీద పడింది. తన వైరస్‌లని బులెటిన్ బోర్డుల్లోకి పంపాడు. ఆటల వేషంలో. ఒకసారి ఏకంగా వైరస్‌లని పట్టే ప్రోగ్రామ్ వేషంలో.

సోమవారం. ఒక చిన్న ఆఫీసు. హీటర్ వేడికి కిటికీలు ఆవిరి పట్టాయి. అందరూ కోట్లు తొడుక్కుంటున్నారు. వారాంతంలో కొడుకు కోసం దించిన ఆటని ఒకాయన ఫ్లాపీలో తెచ్చి భోజనాల వేళ ఆఫీసు మెషీన్లో ఆడాడు. ఆ తర్వాత తెరిచిన ప్రతి ప్రోగ్రాముకీ వైరస్ అంటుకుంటూ వచ్చింది. గోడ గడియారం అయిదు దాటింది.

ఆయన కీబోర్డు నొక్కాడు. కదల్లేదు. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతోంది. స్క్రీన్ మీద అక్షరాలు. మీ హార్డ్ డిస్క్ పాడవుతోంది, పాథోజెన్ సౌజన్యంతో అని. తయారీ బ్రిటన్, బల్గేరియా కాదు సుమా అని. కింద బ్లాక్ బారన్ సంతకం. చివర బీబీసీ వారి రెడ్ డ్వార్ఫ్ కామెడీలోని ఓ ఊతపదం, పొద్దున్న ఫలహారానికల్లా తిరిగొస్తానని. దాని పక్కనే ఇంకో ముక్క. మీ డేటాలో కొంత మాత్రం రాదని.

సోమవారం, అయిదుకీ ఆరుకీ మధ్య. పాథోజెన్ పెట్టుకున్న ముహూర్తం అది. క్వీగ్‌ది ఆదివారం మధ్యాహ్నం. ఆయన ప్లగ్గు పీకేశాడు. అప్పటికే ఆలస్యమైంది.

ఆ రాత్రి సిస్‌ఆప్ ఇంట్లో ఫోన్ మోగింది. మోడెమ్ లైను కాదు, ఇంటి లైను.

"మీ బోర్డు నుంచి దించిన ఆటండీ."

"మా దగ్గర స్కాన్ అవకుండా ఏదీ పైకెక్కదు."

"పాస్ అని ఉంది. అది చూసే దించాను."

సిస్‌ఆప్ నోట మాట రాలేదు. ఆ ఒక్క ముద్రని నమ్మి ఎంతమంది దించుకున్నారో లెక్క అతని డిస్కులోనే ఉంది. లాగ్ తెరిచాడు. గురువారం ముగ్గురు. ఆదివారానికి పద్నాలుగు మంది.

మొదట ఫైలుని జాబితాలోంచి తీసేశాడు. తర్వాత ఫోన్లు. తెలిసినవాళ్లకి అప్పటికప్పుడు, మిగతావాళ్లకి బోర్డు మీదే ఉత్తరాలు. ఆ మెషీన్ ఆపండి, శుభ్రమైన ఫ్లాపీతో మొదలెట్టండి, అప్పటిదాకా ఏ ప్రోగ్రామూ నడపకండి. స్కానర్ తయారుచేసేవాళ్లు స్మెగ్‌ని విప్పి చూశాక కొత్త వెర్షన్ వచ్చింది. అది మొహాలు వెతకదు, చుట్టని తనే విప్పి లోపలున్నదాన్ని చూస్తుంది. అది చేతికొచ్చిన రాత్రి సిస్‌ఆప్ బోర్డుని మూసి, పాత పాస్‌లన్నింటినీ మొదట్నుంచీ మళ్లీ దాని ముందు పెట్టాడు. కొన్ని గంటలు పచ్చగా సాగింది జాబితా. తెల్లవారుజామున ఒక్కసారి ఎర్రబడింది. ఇంకో ఫైలు. ఈసారి ఆట కాదు.

1995 నవంబర్ 15. ఎక్సెటర్ క్రౌన్ కోర్టు. పైల్ వయసు 26. పదకొండు నేరాలు అప్పటికే ఒప్పుకున్నాడు. అనుమతి లేకుండా కంప్యూటర్లలోకి చొరబడినందుకు అయిదు, వాటిలో ఉన్నవి మార్చినందుకు అయిదు. పదకొండోది వేరే. స్మెగ్‌ని ఇతరులు తమ వైరస్‌లకి తగిలించుకునేలా బయట పెట్టి వాళ్లని నేరానికి పురిగొల్పినందుకు. 1990 నాటి కంప్యూటర్ దుర్వినియోగ చట్టం కింద శిక్ష, 18 నెలల జైలు. వైరస్ రాసి బ్రిటన్‌లో జైలుకెళ్లిన మొదటి మనిషి అతనే.

అప్పటికి మన సిస్‌ఆప్ బ్యాచ్ ఫైల్లో ఒక వరస కొత్తగా చేరింది. పాస్ అయిన ఫైలు కూడా వెంటనే జాబితాకి ఎక్కదు, పక్కన దాగి ఉంటుంది. ఓ రాత్రి స్పీకర్ పీప్‌మంది. ఎవరో కాలర్ సిస్‌ఆప్‌ని పిలుస్తున్నాడు. స్క్రీన్ మీద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

"నేను పంపిన ఫైలు ఇంకా కనబడటం లేదే?"

"స్కానర్ కొత్త వెర్షన్ రానీ. దాంతో ఇంకోసారి చూసి పెడతా."

"నిన్ననే పాస్ అన్నదిగా?"

"అన్నది. అయినా ఆగు."