రంజన్‌కు గ్లేజు ఎందుకు లేదు?

మాదాపూర్, గచ్చిబౌలి వైపు పాటరీ స్టూడియోల్లో శని, ఆదివారాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సారె ముందు కూర్చుని మట్టి పిసుకుతున్నారు. ఆ స్టూడియోల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది: మట్టిపాత్రల మీద గాజులా కరిగే పూత, అంటే గ్లేజు, వీటితోనే హైదరాబాదుకు వచ్చిందనీ, మన కుమ్మరికి అంత నేర్పు లేకపోయిందనీ. రెండూ తప్పే.

మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదులో కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద 1611 నాటి గ్లేజు పలకలు నేటికీ ఉన్నాయి. 1908 మూసీ వరద కింది వరసలను దెబ్బతీసింది. గోల్కొండ సమాధుల మీదా ఆనవాళ్లు మిగిలాయి. ఆ పనితనం ఇరాన్ నుంచి వచ్చిందన్నది నిజమే.

మరి అది కుమ్మరి ఇంటికి ఎందుకు చేరలేదు? కుమ్మరి ఆవం వేడి చాలదంటారు. గడ్డి, పిడకలు, కట్టెలతో కాలే ఆవంలో స్టోన్‌వేర్‌కు కావలసిన 1200 డిగ్రీలు రావు, ఒప్పుకుంటాను. కానీ సీసం కలిసిన గ్లేజులు అంతకంటే చాలా తక్కువ వేడికే కరుగుతాయి. కాబట్టి కారణం వేడి ఒక్కటే కాదు. నా దృష్టిలో అసలు సంగతి వాడకంలో ఉంది. వేసవిలో నీళ్లు నింపే మట్టి కుండ రంజన్ ఒంటి నిండా కంటికి కనిపించని రంధ్రాలు. వాటిలోంచి ఊరిన చెమ్మ ఆరుతూ నీళ్లలోని వేడిని లాక్కుపోతుంది. గ్లేజు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది, మే నెలలో చల్లని నీళ్లుండవు. ఉప్పూ పులుపూ ఊరే తొక్కుకు మాత్రం మన ఇళ్లలో గ్లేజు జాడీనే వాడారు. పూత ఎక్కడ కావాలో, ఎక్కడ వద్దో తెలిసినవాళ్లను నేర్పు లేనివాళ్లనడం అన్యాయం.

స్టూడియోలోనూ ఆ రంధ్రాలదే పని. ఒకసారి కాల్చిన కప్పును గ్లేజు బకెట్లో మూడు సెకన్లు ముంచి తీస్తే, రంధ్రాలు నీటిని పీల్చుకుంటాయి, అందులోని గ్లేజు పొడి పైన నిలుస్తుంది.

నా అసంతృప్తి ఆ బకెట్ గురించే. కొనుక్కొచ్చిన గ్లేజులో ముంచి ఇస్తే పాఠం అయిపోయినట్టు కాదు. ఫెల్డ్‌స్పార్ 40, క్వార్ట్జ్ 30, సున్నపురాయి పొడి 20, చైనా మట్టి 10 పాళ్లు తూచి, కలిపి, జల్లెడ పట్టి, చిన్న పలక మీద కాల్చి చూస్తేనే గ్లేజు వచ్చినట్టు. మొదటి రెండూ ఈ నేలలోనే ఉన్నాయి. ఐటీ భవనాల కోసం పేల్చేసిన 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ గుండ్లలో గులాబీ రంగున మెరిసేది ఫెల్డ్‌స్పారే. స్టూడియోలు నడిపేవారికి నా విన్నపం: మాస్కు కట్టుకుని గుప్పెడు రాతిపొడికి సున్నపురాయి పొడి, కాస్త చైనా మట్టి కలిపి, మీ విద్యార్థుల ముందు ఒక్క పలక కాల్చి చూడండి.