మా గ్లాస్ ల్యాబ్: కొన్ని జ్ఞాపకాలు

విభాగం స్వర్ణోత్సవ సంచికకు గ్లాస్ ల్యాబ్ చరిత్ర రాయమని కమిటీవారు అడగగానే నాకు మాస్టారే గుర్తొచ్చారు. ల్యాబ్ ఆయన పెట్టిందే. 1953లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో డొనాల్డ్ స్టూకీ 600 డిగ్రీల దగ్గర ఉంచాలనుకున్న గాజు పొరపాటున 900 దాకా వేడెక్కినా కరగక, తెల్లటి గట్టి పలకగా మారిన కథను ప్రతి బ్యాచ్‌కీ అంతే ఉత్సాహంగా చెప్పేవారు.

అలా గాజును స్ఫటికాలుగా మార్చడంలో మాస్టారు పట్టుకున్న సమస్య మొండిది. గాజును పొడిచేసి, బిళ్లలుగా నొక్కి, కాల్చాలి. వేడికి రేణువులు మెత్తబడి ముందు ఒకదానికొకటి అతుక్కోవాలి, స్ఫటికాలు ఆ తరువాతే పెరగాలి. రేణువుల పైపొరలో అవి తొందరపడి మొలిస్తే గాజు బిగుసుకుపోయి రంధ్రాలు లోపలే మిగిలిపోతాయి. టైటానియం, జిర్కోనియం ఆక్సైడ్లు పాలకు తోడు వేసినట్టు గాజు లోపలంతా స్ఫటిక కేంద్రకాలను పుట్టిస్తాయి. కార్డియరైట్ అనే ఖనిజపు స్ఫటికాలుగా మారే గాజులో బోరాన్, ఫాస్ఫరస్ ఆక్సైడ్లు కొద్దిగా కలిపితే స్ఫటికీకరణ వెనక్కి జరిగి, రేణువులు అతుక్కోవడానికి వ్యవధి దొరుకుతుంది. బోరాన్ మోతాదు మించితే బిళ్ల అంచులు వాలిపోతాయి. మాస్టారు బిళ్లను విరిచి, విరిగిన అంచును నాలుకకు ఆనించేవారు. అంటుకుందంటే రంధ్రాలున్నట్టే. ఎక్స్‌రే పరీక్ష సంగతి ఆ తరువాతే.

ఆయన రిటైరయ్యాక చాలా ఏళ్లు పాఠాలతో, పరీక్షలతో గడిచిపోయాయి.

2012 నాటి కరెంటు కోతలను మాత్రం ఎవరం మరిచిపోలేదు. కేంద్రకాలు పుట్టే ఉష్ణోగ్రత దగ్గర బిళ్లలను నిలకడగా ఉంచిన వేళ కరెంటు పోతే ఆ బ్యాచ్ మొత్తం పారేయాల్సిందే. మళ్లీ వేడి చేసినా ఆ నమూనా పాతదానితో పోల్చడానికి పనికిరాదు. ఫర్నేస్ చూసే మా 'బాబాయ్' ల్యాబ్‌లోనే చాప వేసుకుని, కరెంటు నిలకడగా ఉండే అర్ధరాత్రి వేళ బిళ్లలు పెట్టి, పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత నోటుబుక్కులో రాసేవాడు. ఆ ఏడు మా పిల్లల థీసిస్‌లు ఆగలేదంటే ఆయన చలవే.

మఫిల్ ఫర్నేస్ కొనిచ్చిన పూర్వ విద్యార్థులకు, ప్లాటినం మూస ఇచ్చిన దాతకు, కొడుకు జ్ఞాపకార్థం డిజిటల్ త్రాసు ఇచ్చిన తల్లికి, స్టీలు డైలు చేసిపెట్టిన వర్క్‌షాప్ వారికి, స్టోర్సు, లైబ్రరీ, ఎలక్ట్రికల్ సిబ్బందికి మా నమస్కారాలు.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. బాబాయ్ చివరిదాకా దినకూలీగానే పనిచేశాడు. పర్మనెంటు చేయమని మాస్టారు ఎన్ని అర్జీలు పెట్టినా ఫైలు కదల్లేదు. పెన్షన్ లేకుండానే ఇంటికెళ్లాడు. ఉత్సవాల నిధిలోంచి ఆయన కుటుంబానికి ఒక భాగం ఇవ్వాలనీ, కొత్త ఫర్నేస్ గదికి ఆయన పేరు పెట్టాలనీ కమిటీని కోరుతున్నాను.