స్ట్రౌజర్ అనుమానం

ఏ టెలిఫోన్ మ్యూజియంలోనైనా స్ట్రౌజర్ స్విచ్‌ది గౌరవస్థానమే. దాని పుట్టుక గురించి చెప్పే కథ కూడా ఒకటే. అల్మన్ స్ట్రౌజర్ అమెరికాలోని కాన్సస్ సిటీలో శవసంస్కారాల వ్యాపారి. తనకు రావలసిన ఫోన్లను ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు పోటీ వ్యాపారికి మళ్లిస్తోందని అనుమానించాడట. అందుకని ఆపరేటరే అక్కర్లేని యంత్రం కనిపెట్టాడట. 1891లో పేటెంటు వచ్చింది. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్‌లో ఆ పద్ధతిన తొలి ఎక్స్ఛేంజి తెరిచారు. ఈ 'అట' నిజమా కాదా అన్నది నా సమస్య కాదు. ఒక వ్యాపారి అనుమానం 130 ఏళ్లుగా చరిత్రగా చెలామణి అవుతోంది. అనుమానితురాలి మాటకు అందులో చోటులేదు. నా అభ్యంతరం అదీ.

యంత్రాన్ని నేను తక్కువ చేయను. ఫోను నుంచి వచ్చే విద్యుత్ స్పందనలకు తగ్గట్టు దాని చెయ్యి మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతుంది, తర్వాత పక్కకు తిరుగుతుంది. పది వరసలు, వరసకు పది స్థానాలు. వందలో కావలసినదాన్ని పట్టుకుంటుంది. చూడముచ్చటైన పనితనం.

అయితే ఆ పని అంతకు ముందు మనుషుల చేతులు చేసినదే. మొదట కుర్రాళ్లను పెట్టారు. వాళ్లు చందాదారులతో పెడసరంగా మాట్లాడుతున్నారని స్త్రీలను తీసుకోసాగారు. 1878లో బోస్టన్‌లో చేరిన ఎమ్మా నట్ వారిలో మొదటిది. స్త్రీలు తక్కువ జీతానికి దొరుకుతారన్న లెక్క కూడా కంపెనీలకు ఉంది. చెవికి హెడ్‌సెట్, వెనక సూపర్‌వైజరు, పలకవలసిన మాటలు సైతం పైవాళ్లు నిర్ణయించినవే. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఆపరేటరును విసుక్కున్న మన తరం కూడా ఆ గదిలోకి తొంగిచూసింది లేదు.

1919 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ ఆపరేటర్లు వేలాదిగా పని ఆపేశారు. నాయకురాలు జూలియా ఓకానర్. యుద్ధం పేరుతో టెలిఫోన్లు అప్పుడు ప్రభుత్వాధీనంలో, పోస్ట్‌మాస్టర్ జనరల్ బర్ల్‌సన్ చేతిలో ఉన్నాయి. వారం తిరగకుండానే ఆయన దిగిరాక తప్పలేదు. జీతాలు పెరిగాయి.

అదే ఏడు నవంబరులో బెల్ వ్యవస్థ వర్జీనియాలోని నార్ఫోక్‌లో తన మొదటి పెద్ద డయల్ ఎక్స్ఛేంజిని తెరిచింది. లాపోర్ట్ తర్వాత 27 ఏళ్లకు! సమ్మె వల్లే కంపెనీ మనసు మారిందని నేననను. ఆ ఆలోచన అంతకు ముందునుంచే నడుస్తోంది. ఆపరేటర్ల కొరత, జీతాల ఖర్చు దాని వెనక ఉన్నాయి. నంబరు కలిపే పని మాయమూ కాలేదు. అది చందాదారు వేలిమీదికి వచ్చింది, జీతం లేకుండా.