బండి యాదగిరి పాట – గద్దర్ గొంతు

2023 ఆగస్టు 6న గద్దర్ మరణించినప్పుడు వెలువడిన సంతాప వ్యాసాలు, స్మృతి గీతాలు, ప్రసంగాలు లెక్కకు మించినవి. వాటిలో అధిక భాగం ఒకే త్రోవన నడిచాయి. అసాధారణమైన గొంతు ఒకటి మూగబోయిందని, అటువంటి గాయకుడు మళ్ళీ పుట్టడని అవి చెప్పాయి. ఆ దుఃఖం నిజమైనదే. దానిని తక్కువ చేయవలసిన పని ఎవరికీ లేదు. అయితే సాహిత్య చరిత్రను చదివేవారు దుఃఖం దగ్గరే ఆగిపోరాదు. గద్దర్‌ను తెలుగు ప్రేక్షకులకు వెండితెర మీద చూపిన పాట ఏది? దానిని కట్టినవాడెవడు? అది ఏ నేల మీద పుట్టింది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోనంతవరకు మన సంతాపం వ్యక్తి పూజగానే మిగిలిపోతుంది.

ఆ పాట "బండెనక బండి కట్టి". 1979లో వచ్చిన "మా భూమి" చిత్రంలో గద్దర్ దానిని పాడి, ఆడి చూపాడు. నేడు జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా కళాశాల విద్యార్థులను ఆ పాట ఎవరిదని అడిగితే తడుముకోకుండా వచ్చే సమాధానం ఒక్కటే: గద్దర్‌ది. రచయిత బండి యాదగిరి అని చెప్పేవారు అరుదు. ఈ మరపు యాదృచ్ఛికం కాదు. పాడిన గొంతును జ్ఞాపకం పెట్టుకొని కట్టిన చేతిని మరచిపోవడం మౌఖిక సాహిత్యానికి తరతరాలుగా జరుగుతూ వస్తున్న అన్యాయం.

పాట పుట్టిన కాలాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. నేటి జనగామ జిల్లాలోని కడవెండి, విసునూరు, పాలకుర్తి గ్రామాలు అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేవి. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి గడీ ఈ గ్రామాలన్నింటి మీద నీడలా పరచుకొని ఉండేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పొలాన్ని, పంటను దొర పాలు కాకుండా కాపాడుకోవడానికి సంఘం అండతో నిలబడింది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుపై దేశముఖు మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. సాయుధ పోరాటానికి అదే నాంది అయింది. ఆ పోరాటం 1951 అక్టోబరులో విరమించేవరకు సాగింది. ఈ అయిదేండ్లలో తెలంగాణ పల్లెల్లో పుట్టిన పాటలు ఒక గ్రంథాలయానికి సరిపడేటన్ని. కాని వాటికి గ్రంథాలయం లేదు; మనుషుల నోళ్ళే ఉండినవి.

ఇక పాటను చూద్దాం. దొర ప్రయాణమంటే బండ్లు కట్టాలి. ఆ బండ్లు, ఎడ్లు, తోలే మనిషి ఊరివే. కూలి మాత్రం లేదు. వెట్టి అంటే అదే. కనుక బండి వెనుక బండి సాగే దృశ్యం చూసేవారికి దొర వైభవం. తోలేవానికి తన మెడ మీది కాడి. యాదగిరి ఆ రెంటినీ ఒకే బొమ్మలో బిగించాడు. అంతకన్న గమనించవలసినది సంబోధన. "నీ బాంచన్, కాల్మొక్త" అని వంగి మాట్లాడడం తప్ప మరొక వ్యాకరణం ఎరుగని నోరు, ఈ పాటలో నైజాము సర్కారును "ఓడా" అని, "కొడుకా" అని ఏకవచనంలో పిలిచింది. మన వ్యాకరణాలు ఏకవచన బహువచనాలను సంఖ్యకు సంబంధించిన విషయంగా చెబుతాయి. తెలంగాణ పల్లెలో అది అధికారానికి సంబంధించిన విషయం. గౌరవ వాచకాన్ని ఉపసంహరించుకోవడం కూడా తిరుగుబాటే. తుపాకి పట్టకముందే పల్లె తన క్రియా రూపాన్ని మార్చుకున్నది.

ఈ పాట వెనుక ఉన్న ప్రదర్శన సంప్రదాయం కూడా ఒంటరి మేధావి సృష్టి కాదు. ఒకరు ఎత్తుకొంటే గుంపు అందుకొనే పద్ధతి, అడుగుతో లయను కొట్టడం, కథ మధ్యలో వినేవారిని పలకరించడం ఇవన్నీ ఒగ్గు కథలోను, గొల్ల సుద్దులలోను ఎప్పటినుండో ఉన్నవే. జనగామ ప్రాంతం ఒగ్గు కథకు పుట్టినిల్లు వంటిది. లింగాలఘనపురం మండలం మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఆ కళను దేశమంతటా వినిపించి, 2017 నవంబరులో కన్నుమూశాడు. గద్దర్ భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర చూసి ఇదొక కొత్త వేషమని పట్నం ప్రేక్షకుడు అనుకోవచ్చు. గొంగడి కురుమ పల్లెల వస్త్రమని, దొడ్డి కొమరయ్య ఆ కులంవాడేనని ఈ ప్రాంతంవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. తూప్రాన్‌లో పుట్టి గుమ్మడి విఠల్‌రావుగా పెరిగిన మనిషి, గదర్ పార్టీ పేరును తన పేరుగా పెట్టుకొని, పశుల కాపరుల వేషాన్ని తన వేషంగా స్వీకరించాడు. ఇందులో ఆయన గొప్పతనం ఉన్నది: తనకు దొరికిన సంపద ఎవరిదో ఆయన ఎరుగును.

1948లో యూనియన్ సైన్యాలు వచ్చిన తర్వాత దళాలు మైదానాలు విడిచి గోదావరి అడవులకు తరలవలసి వచ్చింది. నేటి మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల అడవి పల్లెలు ఆ దారిలోనివే. పోరాట విరమణ తర్వాత పాటలు సభల్లో వినిపించడం తగ్గింది. నాట్ల దగ్గర, కల్లాల దగ్గర, పశువుల వెంట అవి బ్రతికాయి. ముప్పది ఏండ్లకు "మా భూమి" వాటిని తిరిగి వీధిలోకి తెచ్చింది.

ఆ చిత్రం పాటలను ఒక సంపుటిగా వినవలసి ఉన్నది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. దర్శకుడు గౌతం ఘోష్ బెంగాలీ. నిర్మాణంలో ముందు నిలిచినవారు బి. నర్సింగరావు, సంగీతం కూర్చినవారిలో జానపద గేయాల సేకరణకు పేరొందిన వింజమూరి సీత ఒకరు. ఒక పాట బండి యాదగిరిది. మరొకటి సుద్దాల హనుమంతు కట్టిన "పల్లెటూరి పిల్లగాడా". ఒకటి సర్కారును నిలదీస్తే, రెండవది దొర పశువులను కాచే పసివాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని పలకరిస్తుంది. సంధ్య గొంతులో ఆ పలకరింపు విన్నవారు తమ బాల్యాన్నో, తమ తండ్రి బాల్యాన్నో అందులో చూసుకున్నారు. కోపం, జాలి రెండూ పక్కపక్కనే ఉన్నందువల్లనే ఆ పాటలు నినాదాలుగా పాతబడలేదు. సినిమా సంగీతం జానపదాన్ని అలంకారంగా వాడుకొనే రోజుల్లో, ఇక్కడ వాద్యం గొంతుకు దారి ఇచ్చి వెనక్కు తగ్గింది.

తర్వాతి చరిత్ర అందరికీ తెలిసినదే. జన నాట్యమండలి, 1980లలో అజ్ఞాతవాసం, 1990లో నిజాం కళాశాల మైదానంలో జనసముద్రం, 1997 ఏప్రిల్ 6న ఇంటి వద్ద కాల్పులు, తుదివరకు వెన్నులో నిలిచిన తూటా. చివరి దశలో ఆయన గుళ్ళకు వెళ్ళాడు, 2018లో ఓటు వేశాడు, 2023లో స్వయంగా పార్టీ ప్రకటించాడు. ఈ మార్పులను విమర్శించేవారికి ఆ హక్కు ఉన్నది. రాజ్యాన్ని పాటతో ఎదిరించిన మనిషి అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరిగాయి. తర్వాత రాష్ట్ర చలనచిత్ర పురస్కారాలకు ఆయన పేరు పెట్టారు. పురస్కారం మంచిదే. కాని రాజ్యం గాయకుని పేరును దాచుకొన్నంత సులభంగా అతని పాటలోని ప్రశ్నను దాచుకోజాలదు. భూమి ఎవరిది అన్న ప్రశ్న జనగామలోనూ, మహబూబాబాద్ తండాల్లోనూ, భూపాలపల్లి బొగ్గు బావుల చుట్టూ పొలాలు పోగొట్టుకున్న ఊళ్ళలోనూ ఇంకా అడుగుతూనే ఉన్నారు.

అమెరికాలో జో హిల్‌ను 1915లో కాల్చి చంపారు. అతడు చర్చి కీర్తనల వరుసల మీద కార్మికుల పాటలు కట్టాడు. అతడు పోయినా, ఆ వరుసలు కార్మికులకు ముందే తెలిసినవి గనుక పాటలు నిలిచాయి. మన నేలకు ఈ విషయం కొత్త కాదు. మేడారంలో పోరాడి పోయిన తల్లీబిడ్డలను రెండేండ్లకొకసారి జాతరగా జ్ఞాపకం చేసుకొంటున్నాం. అక్కడ ఏడుపు, సంబరం వేరువేరు కావు. ఆ జాతర శతాబ్దాలుగా సాగుతున్నదంటే, దానిని మోస్తున్నది ఒక్క గొంతు కాదు గనుకనే.

కాబట్టి గద్దర్ సంస్మరణ సభలు జరిపే మిత్రులకు ఒక సూచన. వేదిక మీద ఆయన చిత్రపటం పక్కన బండి యాదగిరి పేరు, సుద్దాల హనుమంతు పేరు వ్రాయండి. పాట పాడే ముందు కట్టినవారి పేరు చెప్పండి. ఈ మూడు జిల్లాల్లో ఇంకా పాడుతున్న వృద్ధ గాయకుల వద్దకు విద్యార్థులను పంపి, పాటతోపాటు పాట నేర్పినవారి పేరును, ఊరును కూడా వ్రాయించండి. ఈ పని పరిశోధక పట్టాల కోసం కాదు. ఆ గాయకులు పోయినప్పుడు సంతాపం చెప్పడానికి మనకు కనీసం వారి పేర్లు తెలిసి ఉండాలి.