కార్క్ క్లాడింగ్

కార్క్ ఓక్ చెట్టు బెరడుతో చేసిన పలకలను భవనం బయటి గోడకు తొడగడాన్ని కార్క్ క్లాడింగ్ అంటారు. సీసాలకు బిరడాలు చేసేది కూడా ఈ బెరడుతోనే. గోడను వాన నుంచి కాపాడడం, ఎండ వేడిని లోపలికి రానీయకపోవడం అనే రెండు పనులనూ ఒకే పలక చేస్తుంది. మిగతా తొడుగుల్లో చాలావాటికి వెనక వేరే ఉష్ణనిరోధక పొర కావాలి. ప్రపంచంలో దొరికే కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్‌దే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం స్పెయిన్ నుంచి, కొంత మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, ఇటలీల నుంచి వస్తుంది. తెలుగునాట వీధుల పక్కన కనిపించే ఆకాశమల్లెను ఇంగ్లీషులో ఇండియన్ కార్క్ ట్రీ అంటారు గానీ, దానికీ ఈ ఓక్‌కూ చుట్టరికం లేదు.

చెట్టు, బెరడు

కార్క్ ఓక్‌ను నరకరు, బెరడు మాత్రమే ఒలుస్తారు. అదీ మే నుంచి ఆగస్టు లోపు, బెరడు కింద కొత్త కణాలు చురుగ్గా పెరుగుతూ పై పొర సులువుగా ఊడివచ్చే రోజుల్లోనే. ఈ పని చేసేవాళ్లకు పోర్చుగల్‌లో మంచి కూలీ ముడుతుంది, ఎందుకంటే గొడ్డలి దెబ్బ ఒక వేలు లోతు ఎక్కువ దిగినా చెట్టుకు మానని గాయమవుతుంది. ఒలిచాక కాండం మీద ఆ సంవత్సరపు చివరి అంకెను సున్నంలా తెల్లగా రాస్తారు. మొదటి ఒలుపుకు చెట్టుకు పాతికేళ్లు రావాలి. ఆ తర్వాత ఒలుపుకూ ఒలుపుకూ మధ్య కనీసం 9 ఏళ్లు ఆగాలని పోర్చుగల్ చట్టం. బిరడాకు పనికొచ్చే నాణ్యమైన బెరడు మూడో ఒలుపు నుంచే వస్తుంది, అంటే తాత నాటిన చెట్టు ఫలం మనవడికి అందుతుంది. చెట్టు దాదాపు రెండు వందల ఏళ్లు బతుకుతుంది. పోర్చుగల్‌లో అనుమతి లేకుండా దాన్ని కొట్టేయడం చట్టవిరుద్ధం. 2011లో పోర్చుగల్ దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది.

బెరడు తేలికదనం దాని కణాల్లో ఉంది. రాబర్ట్ హుక్ 1665లో సూక్ష్మదర్శిని కింద చూసి ‘సెల్’ అని పేరు పెట్టినవి ఈ కార్క్ గదులే. ఘన సెంటీమీటరుకు సుమారు నాలుగు కోట్ల గదులు, ఒక్కోదానిలో బందీ అయిన గాలి, చుట్టూ సుబరిన్ అనే మైనం లాంటి పదార్థం. నీరు ఇంకకపోవడానికీ, వేడి పాకకపోవడానికీ ఈ అమరికే కారణం.

పలక తయారీ

గోడ పలకకు బిరడా బెరడు వాడరు. చలికాలంలో కత్తిరించిన కొమ్మల మీది గరుకు బెరడు, బిరడాకు పనికిరాని ముక్కలు చాలు. వాటిని నలగ్గొట్టి, గింజలుగా జల్లించి, మూసిన ఆటోక్లేవ్‌లో 300 డిగ్రీల సెల్సియస్ దాటిన ఆవిరి పంపుతారు. గింజలు ఉబ్బుతాయి, వాటిలోని సుబరిన్, జిగురు పదార్థాలు బయటకు వచ్చి గింజను గింజకు అతికిస్తాయి. బయటి నుంచి ఏ జిగురూ కలపరు. ఫార్మాల్డిహైడ్ ఉన్న రెజిన్లతో అతికించిన చెక్క పలకలతో పోలిస్తే ఇది చిన్న లాభం కాదు. ఇలా తయారైన దిమ్మెను చల్లార్చి పలకలుగా కోస్తారు. కోతలో రాలిన పొట్టు బాయిలర్‌కు ఇంధనం. వేడికి మాడడం వల్ల పలక ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, కొత్తలో కొంత పొగ వాసన వేస్తుంది.

ఈ పద్ధతి 1890ల మొదట్లో న్యూయార్క్‌లో పుట్టింది. జాన్ స్మిత్ అనే తయారీదారు దగ్గర కార్క్ పొడి ఉన్న డబ్బా నిప్పు మీద ఉండిపోయి గడ్డకట్టిందనీ, అది చూసి ఆయన పేటెంటు తీసుకున్నాడనీ చెబుతారు. గోడకు కార్క్ తొడగడం మాత్రం అంతకన్నా చాలా పాతది. పోర్చుగల్‌లో సింట్రా కొండల్లో 1560లో స్థాపించిన కపూచుష్ మఠంలో సన్యాసుల గదులకు చలి తగలకుండా లోపల కార్క్ పరిచారు.

బరువు లెక్క

బయటి గోడలకు వాడే రకం ఘన మీటరుకు 140 నుంచి 160 కిలోలు తూగుతుంది. 5 సెంటీమీటర్ల మందం పలక చదరపు మీటరుకు ఏడెనిమిది కిలోలు. ఎలివేషన్‌కు అతికించే 2 సెంటీమీటర్ల గ్రానైట్ అదే కొలతకు యాభై కిలోలు దాటుతుంది. మన ఊళ్లలో దుకాణాల ముందు బిగించే ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు బరువు కార్క్‌కు దగ్గరగానే ఉంటుంది గానీ, అది వేడిని ఆపదు. పలకల అంచులు ఒకదాని గాడిలో ఒకటి దిగేలా చెక్కి, మోర్టార్‌తో అతికిస్తారు లేదా మరలతో బిగిస్తారు. రంగు, పూత అక్కర్లేదు. ఎండకు పలక మెల్లగా వెలిసి బూడిద రంగుకు వస్తుంది, అయితే చూరు నీడ పడే చోట పాత రంగే మిగిలి గోడ మచ్చలుగా కనబడుతుంది. ఇది అందరికీ నచ్చదు.

పేరున్న కట్టడాలు

2000 హానోవర్ ఎక్స్‌పోలో అల్వారో సిజా, ఎడ్వార్డో సోటో ద మోరా రూపొందించిన పోర్చుగల్ పెవిలియన్ ఈ పలకలను ప్రపంచం ముందుకు తెచ్చింది. ఎక్స్‌పో అయ్యాక దాన్ని విప్పి పోర్చుగల్‌లోని కోయింబ్రాలో మళ్లీ నిలబెట్టారు. 2010 షాంఘై ఎక్స్‌పోలోనూ ఆ దేశపు పెవిలియన్‌కు కార్క్ తొడుగే. అన్నింటికన్నా ముందుకు వెళ్లింది 2019లో ఇంగ్లండ్‌లోని ఈటన్‌లో పూర్తయిన కార్క్ హౌస్. మాథ్యూ బార్నెట్ హౌలాండ్, డైడో మిల్న్, ఆలివర్ విల్టన్ దాన్ని రూపొందించారు. అక్కడ కార్క్ తొడుగు కాదు, గోడా పైకప్పూ అదే. జిగురు, మోర్టార్ లేకుండా 1,268 దిమ్మెలను ఒకదానిపై ఒకటి పేర్చారు. కూల్చాల్సి వస్తే పగలగొట్టకుండా విప్పేయవచ్చు. అది ఆ ఏడాది బ్రిటన్ వాస్తుశిల్ప పురస్కారమైన స్టిర్లింగ్ బహుమతి తుది జాబితాలోకి చేరింది.

పరిమితులు

కార్క్ నిదానంగా కాలుతుంది, ప్లాస్టిక్ నురగలా కరిగి కారదు. అమ్మేవాళ్లు తరచూ ఈ మాట దగ్గరే ఆగిపోతారు. అగ్నినిరోధక మందు పూయని కార్క్ పలకకు యూరప్ అగ్ని వర్గీకరణలో వచ్చేది ఇ తరగతి, అంటే కాలే పదార్థాల్లో కింది మెట్లలో ఒకటి. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌కు తొడిగిన లోపల పాలిథిలీన్ నింపిన ఏసీపీ అంటుకుని 72 మంది చనిపోయారు. ఆ తర్వాత కాలే తొడుగు ఏదైనా ఎత్తైన నివాస భవనం దగ్గరకు రాకూడదని ఇంగ్లండ్ నియమాలు మార్చింది. చెట్టు నుంచి వచ్చిందన్న కారణంతో కార్క్‌కు మినహాయింపు ఉండదు, ఉండకూడదు కూడా.

కర్బనం లెక్కలోనూ జాగ్రత్త కావాలి. చెట్టు పీల్చుకున్న కర్బనం పలకలో నిలిచి ఉన్నంతకాలమే లాభం, చివరికి తగలబెడితే తిరిగి గాలిలోకి పోతుంది. ఇక అడవిని బతికిస్తున్నది ప్రధానంగా వైన్ బిరడాల ఆదాయం. మెటల్ మూతలు మార్కెట్‌ను ఆక్రమిస్తే, కొమ్మల బెరడు అమ్మిన డబ్బుతో మాత్రమే రైతు ఈ చెట్లను నిలపలేడు.

భారతదేశానికి ఇది ఓడలో రావాల్సిన సరుకు. 40 అడుగుల కంటైనర్‌లో పట్టేది సుమారు 67 ఘన మీటర్లు, అంటే పది టన్నులే. దానికి రెట్టింపు మోయగల కంటైనర్‌లో సగం మోత వృథా. విజయవాడలో పడమటి గోడ ఎండకు కాగకుండా చూసుకోవడానికి ఈ ఖర్చు పెట్టే ముందు నీడ, చూరు, తెల్లసున్నం ప్రయత్నించడం చవక. చెట్టు పెరిగే దేశాల్లో, ఒకటి రెండు అంతస్తుల ఇంటికి కార్క్‌కు సాటి వచ్చే తొడుగు తక్కువ. అంతకన్నా ఎత్తు కట్టేవారికి ఇది తగదు.